పంతొమ్మిది సెకన్ల పంచాయితీ

అమీర్‌పేటలో మా షట్టర్ ఒకటే, దుకాణాలు రెండు. కుడి సగం ధర్మయ్య గారిది. ప్యాంట్లు కుడతారు, రెడీమేడ్ బట్టలు సరిచేస్తారు. ఎడమ సగం నాది. చీరలకు ఫాల్ వేస్తాను, పీకో చేస్తాను. మధ్యలో ఒకప్పుడు తెర ఉండేది. అది చిరిగిపోయాక మళ్లీ కట్టాలని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు. తెర ఉంటే పోట్లాడుకోవడానికి గొంతు పెంచాల్సి వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన ఔనంటే నేను కాదంటాను, నేను ఔనంటే ఆయన కాదంటారు. ఆ నాలుగు ముక్కలు పడకపోతే మా ఇద్దరికీ మధ్యాహ్నం అన్నం సయించదు.

నా పేరు జీవమణి. మాది తెనాలి. పెళ్లయి ఈ ఊరు వచ్చి ముప్పై ఏళ్లు దాటినా నా నోట్లోంచి తెనాలి పోలేదని ధర్మయ్య గారి ఫిర్యాదు. పోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

ఆయనకు అరవై నాలుగు. సన్నటి మనిషి, మెడలో ఎప్పుడూ టేపు. టేపు లేకుండా ఆయన్ని వాళ్లమ్మాయి పెళ్లిలో ఒక్కసారి చూశాను, ఎవరో అనుకుని పలకరించలేదు. ఇక్కడి హాస్టళ్లలో ఉండి కోర్సులు నేర్చుకునే పిల్లలు మొదటి ఇంటర్వ్యూకు కొన్న ప్యాంటు పట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. పొడవు తగ్గించి, నడుము బిగించి ఇస్తూ అందరికీ ఒకే మాట చెబుతారు. "కుర్చీ అంచున కూసోకు బిడ్డా, నిండ కూసో. కుట్టు మంచిగున్నది, ఏం గాదు." ఉద్యోగం వచ్చినవాళ్లు కొందరు మిఠాయి డబ్బా తెస్తారు. ఆయనకు షుగర్. డబ్బాలన్నీ నా వైపుకే వస్తాయి, అందుకని ఆయన పనితనమంటే నాకు గౌరవం.

ఒంటిగంటకు భార్య చంద్రావతి గారు పంపిన డబ్బా విప్పుతారు. జొన్నరొట్టె, ఏదో ఒక కూర. తిన్నాక మిషను మీద తల ఆనించి పావుగంట కునుకు. లేచి మొహం కడుక్కుని, "ఇగ చాలు," అంటారు. నిద్ర చాలనో, బతుకు చాలినంత ఉందనో నేనెప్పుడూ అడగలేదు. రెండూ నిజమే అనుకుంటాను.

ఆ మనిషికున్న గర్వమల్లా ఒక్కటే, ప్యాడ్లు. ఆయనది చౌటుప్పల్ దగ్గర చేనేత ఊరు. తండ్రి మగ్గం నేసేవాడు. గుంతలో కాళ్లు పెట్టి రోజంతా కూర్చోవడం తన వల్ల కాదని పదిహేడో ఏట పారిపోయి వచ్చి, శ్రీనగర్ కాలనీలో సినిమా బట్టలు కుట్టే ఒక మేస్త్రీ దగ్గర చేరారు. హీరోలకు కుట్టే భాగ్యం ఆయనకు దక్కలేదు. హీరో బదులు మేడ మీంచి దూకేవాళ్లకు, కారు కింద పడేవాళ్లకు కుట్టారు. మోచేతికి, మోకాలికి, తుంటికి, వెన్నుకు స్పాంజి పెట్టి, పైన ప్యాంటూ చొక్కా మామూలుగా కనబడేలా కుట్టాలి. పడ్డవాడికి దెబ్బ తగలకూడదు, చూసేవాడికి స్పాంజి తెలియకూడదు. పద్దెనిమిదేళ్లు ఆ పనే చేశారు. ఇప్పటికీ టీవీలో ఎవడైనా గాల్లోకి లేస్తే ఆయన మొహం చూడరు, తుంటి చూస్తారు. "మనిషి అబద్ధం చెప్తడు జీవమ్మా, గుడ్డ చెప్పది," అంటారు. ఈ మాట నేను ఏడాదికి నలభైసార్లు విన్నాను.

ఇలా ఉండగా మొన్న ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం జనం ఇంకా పలచబడకముందే, ఆ వీడియో వచ్చింది.

తెచ్చినవాడు కమలాకర్. మా ఎదురుగా ఫోన్లకు కవర్లూ గ్లాసులూ అమ్ముతాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి, అందర్నీ కాకా, ఆంటీ అంటాడు, అప్పుడప్పుడు వీడియోలు చేసి తన ఛానెల్‌లో పెడతాడు. ఆ రోజు ఫోను మా ఇద్దరి మధ్యా పట్టుకుని, "కాకా, గిది జూడు. పంజాగుట్ట కాడ. నిజమా, డ్రామానా?" అన్నాడు.

ఏదో బట్టల షాపు బయటి కెమెరా తీసింది. మొత్తం పంతొమ్మిది సెకన్లు. చినుకులు పడుతున్నాయి. చొక్కా బయటికి వదిలిన లావుపాటి మనిషొకడు స్కూటర్ మీద వస్తున్నాడు. పక్క సందులోంచి తెల్ల కారు వచ్చి కొట్టింది. మనిషి ఎగిరి, కారు ముందు భాగం మీద పడి, అక్కడి నుంచి రోడ్డు మీదికి దొర్లి, రెండు పల్టీలు కొట్టాడు. అయిపోయాడనుకున్నాం. లేచి కూర్చున్నాడు. నిలబడ్డాడు. కారు వెళ్లిపోతోంది, అటు చూడలేదు. స్కూటర్ చక్రం ఇంకా తిరుగుతోంది, దాన్నీ చూడలేదు. ఎడమ చేత్తో నడుము చుట్టూ, పొట్ట మీద, వెనక వైపు తట్టి తట్టి చూసుకున్నాడు. తర్వాత చొక్కా లోపలికి చెయ్యి పెట్టాడు. అక్కడితో ఆగిపోయింది.

"ఏఐ కాకా," అన్నాడు కమలాకర్. "చేతికి వేళ్లు లెక్కవెట్టు, ఆరుంటయి." ఐదే ఉన్నాయి. ఐదూ ఉన్నాయంటే కంప్యూటరు తెలివి పెరిగిందన్నమాట అని వాడి వాదన. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడితో ఏం మాట్లాడతాం.

ధర్మయ్య గారు కళ్లద్దాలు తుడుచుకుని, శబ్దం ఆపించి, మూడుసార్లు చూశారు. నాలుగోసారి వేలితో ఆపుతూ చూశారు. "ఏఐ గాదు. మనిషే. గని డ్రామా," అన్నారు.

"ఏంటండీ డ్రామా? నిజంగా కొట్టింది కదా కారు," అన్నాను. నిజం చెప్పాలంటే నాకు అప్పటికి ఏ అభిప్రాయమూ లేదు. ఆయన డ్రామా అన్నారు కాబట్టి నాది నిజం అయింది.

"ఏమున్నది నిజం? గా నడుము జూడు. మీద మొత్తం ముప్పై నాలుగు నడుము మనిషి. మెడ సన్నం, మణికట్టు సన్నం. నడుం కాడ మాత్రం నలభై. గంత లావు మనిషికి గంత సన్న మెడ ఉంటదా? గాలికి చొక్కా చేతులు ఊగుతున్నయి, నడుం కాడ ఊగుతలేదు. లోపట ప్యాడ్ ఉన్నది. పడ్డంక ఏం జేసిండు? స్కూటర్ జూసిండా? దెబ్బ జూసుకున్నడా? ప్యాడ్ జరిగిందా అని సర్దుకుంటుండు. మా ఫైటర్లందరు గట్లనే జేసేటోళ్లు. కట్ అనంగనే ఫస్టు ప్యాడ్ తడుముకుందురు."

"చెప్పు ఊడిపోయింది చూడండి. నటించేవాడు చెప్పు వదులుకుంటాడా?"

"చెప్పు ఊడేటట్టు సుత జేస్తరు. నాకు జెప్తున్నవా?"

కమలాకర్ ఇదంతా ఫోన్లో తీస్తున్నాడని నాకు సగంలో తెలిసింది, ఆయనకు మొదటినుంచీ తెలుసు. చొక్కా గుండీ పెట్టుకున్నారు కూడా. చివర్లో టేపు రెండు చేతుల్తో లాగి పట్టుకుని, "నలభై యేండ్ల అనుభవం. గిది ప్యాడే," అన్నారు. పద్దెనిమిదేళ్లు నలభై ఎప్పుడయ్యాయని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. సాయంత్రానికి ఆ మాటలు పేట దాటాయి, మూడో రోజుకు రెండు లక్షలమంది చూశారని కమలాకర్ గంతులేశాడు. అసలు ప్రమాదం కంటే ఆయన తీర్పునే ఎక్కువమంది చూశారట. ప్యాడ్ల ధర్మయ్య అని పేరు స్థిరపడింది. ఎవరెవరో ఫోన్లు పట్టుకుని వచ్చేవారు. లారీ కింద పడ్డ మేక, మెట్ల మీంచి జారిన పెళ్లికొడుకు, బైకు మీద విన్యాసాలు చేసి కాలవలో పడ్డ కుర్రాడు, అన్నిటికీ ఆయన తీర్పు కావాలి. ఒకాయన తన బావమరిది కాలికి కట్టు కట్టుకున్న ఫొటో తెచ్చి, ఆఫీసు ఎగ్గొట్టడానికి వేసుకున్న వేషమేమో చూసి చెప్పమన్నాడు. ధర్మయ్య గారు దాన్నీ పెద్దది చేసి చూశారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని రావడం మొదలుపెట్టారు. పావుగంట కునుకు మానేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన ముఖంలో సంతోషం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. పద్దెనిమిదేళ్లు ఎవరికీ కనబడకుండా ఉండటమే తన పనిగా బతికిన మనిషి కదా.

తొమ్మిదో రోజు ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయి, బట్టల సంచి భుజాన వేసుకుని ఉంది. ఆల్టరేషన్ అనుకుని ఆయన టేపు తీశారు. ఆ పిల్ల సంచిలోంచి బూడిద రంగు ప్యాంటూ గళ్ల చొక్కా తీసి కత్తిరించే బల్ల మీద పరిచింది. ప్యాంటు కుడి మోకాలు దగ్గర చిరిగి ఉంది. చుట్టూ నల్లబడ్డ మరక.

"నా పేరు మంజుశ్రీ. మాది బల్కంపేట. గా వీడియోల పడ్డాయన మా నాయిన, శ్యాంసుందర్. గివి ఆ రోజు తొడుక్కున్న బట్టలు. ఉతకలే. ప్యాడ్ ఏడున్నదో జూపియ్యి కాకా."

ఆ పిల్ల గొంతు పెంచలేదు.

ధర్మయ్య గారు ప్యాంటు అందుకున్నారు. లోపలి వైపు తిప్పారు. సీటు కుట్టు మీద బొటనవేలు మెల్లగా నడిపించారు. మోకాలు వెనక చూశారు, జేబు సంచులు లాగి చూశారు. ప్యాడ్ పెట్టే ప్యాంటుకు సీటులో రెండించులు ఎక్కువ గుడ్డ వదలాలి, లోపల తాళ్లకు కాజాలుండాలి, ఇవన్నీ నాక్కూడా తెలుసు, విని విని. అవేవీ లేవు. టేపు పెట్టి నడుము కొలిచారు. ముప్పై నాలుగు. మళ్లీ కొలిచారు. టేపు ఆయన మాట వింటుందా?

"మరి నడుం కాడ గా లావేంది బిడ్డా?" అన్నారు చివరికి.

మంజుశ్రీ సంచి అడుగు నుంచి రెండు పట్టుచీరలు తీసింది. ఇక్కత్ చీరలు, మడతలు నలిగి ఉన్నాయి. "గివి. పెండ్లికి ఆర్డరు చీరలు. చినుకులు వడుతుంటే బనీను మీద తువాల జుట్టి, దాని మీద వీటిని జుట్టుకొని, పైన చొక్కా ఏసుకున్నడు. సంచిల పెడితే జిప్పు కాడికెళ్లి నీళ్లు దిగుతయి అంటడు. లేసినంక తడుముకున్నది చీరలు తడిసినయా అని."

ధర్మయ్య గారు స్టూలు మీద కూలబడ్డారు. చీర అంచు వేళ్ల మధ్య పట్టుకుని చూశారు. తర్వాత నాతో అన్నారో, ఆ పిల్లతో అన్నారో తెలియదు.

"మా నాయిన సుత గట్లనే పోయేటోడు. వానకాలం హైద్రాబాద్ సేటు కాడికి. ఒంటికి జుట్టుకొని బస్సు ఎక్కుతుండె. మా అమ్మ ఎనకకెళ్లి పట్టుకుంటే నేను గిర్రగిర్ర తిరుగుకుంట జుట్టేటోన్ని. నా చేతుల్తోని జుట్టిన. నలభై నడుం అయితుండె. గది మరిచి ప్యాడ్ అన్న."

ఇంకెవరైనా అయితే ఎవరో లావుపాటి మనిషి పడ్డాడు అనుకుని ఊరుకునేవారు. సన్న మెడ, లావు నడుము చూసి లోపల ఏదో ఉందని కనిపెట్టింది ఆయన ఒక్కరే, ఆ ఏదో ఏమిటో చెప్పడంలో తప్పిందీ ఆయనే. తండ్రి నేత కన్నా తన కుట్టు ముందు గుర్తొచ్చింది. నాకు ఆయన మీద జాలి కలిగింది, ఆ పిల్ల ముందు జాలి చూపించడం న్యాయం కాదనీ అనిపించింది.

మంజుశ్రీ సంగతి పూర్తిగా చెప్పింది. వాళ్ల నాన్న ఇరవై ఏళ్లుగా ఊళ్ల నుంచి చీరలు తెచ్చి శ్రీనగర్ కాలనీలో, బంజారా హిల్స్‌లో ఇళ్లకు ఇస్తాడు. కాగితం లేదు, రసీదు లేదు. చీరలు ఇంట్లో వదిలేసి, నచ్చింది ఉంచుకోండమ్మా అని వచ్చేస్తాడు. వాళ్లూ అంతే, తాళం ఇచ్చి వెళ్లిన ఇళ్లు కూడా ఉన్నాయి. మాట మీద నడిచే పని. వీడియో వచ్చిన రోజు ఆ ఇళ్లవాళ్లు అయ్యో అని ఫోన్లు చేశారు. ధర్మయ్య గారి తీర్పు వచ్చాక ఫోన్లు ఆగిపోయాయి. చేతి కట్టుతోనే పెళ్లి చీరలు ఇద్దామని వెళితే, ఒక ఇంట్లో గ్రిల్లు తీయకుండానే వద్దండీ అన్నారు. వెనక నుంచి ఎవరో "ఆ వీడియో ఆయనే," అని నవ్వడం వినిపించిందట. "ఆ దినం సంది నాయిన బయటికెళ్తలేడు. ఎవరన్న దొంగ అంటే ఓర్సుకుంటుండెనేమో. యాక్టర్ అంటున్నరు," అంది మంజుశ్రీ.

బట్టలూ చీరలూ బల్ల మీదే వదిలేసి ఆ పిల్ల వెళ్లాక ధర్మయ్య గారు ఒంటిగంటకు డబ్బా విప్పలేదు. రెండింటికి, "మెత్తన అయితే ఉండె గదా జీవమ్మా. లోపట ఏమో ఉన్నదన్న. గది తప్పు గాదు," అన్నారు.

"తప్పు కాదండీ. ఆ అమ్మాయికి అదే చెప్పి రండి. మీ నాన్న పరువు పోయింది గానీ నా కన్ను మాత్రం కరెక్టే అని చెప్పండి," అన్నాను.

ఆయన విప్పని డబ్బాను సంచిలో పెట్టేశారు. నాకు నోటి దురుసు ఎక్కువని మా ఆయన కూడా అంటారు.

మూడింటికి ఆయనే కమలాకర్‌ని పిలిచారు. మంజుశ్రీ వదిలి వెళ్లిన చీరలను చొక్కా లోపల తన నడుముకు చుట్టించుకున్నారు. చుట్టింది నేను, తిరిగింది ఆయన. అరవై నాలుగేళ్ల మనిషి దుకాణం మధ్యలో గిర్రున తిరుగుతుంటే నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కెమెరా ముందు నిలబడి టేపు పెట్టి కొలిచి చూపించారు. "జూడుండ్రి, నలభై. గిది స్పాంజి గాదు, చీర. గాయన డ్రామా చెయ్యలే. తప్పు జెప్పింది నేను. నా పేరు ధర్మయ్య," అన్నారు. ఈసారి అనుభవం ఎన్నేళ్లో చెప్పలేదు.

ఆ వీడియోను రెండు రోజుల్లో ఆరొందలమంది చూశారు. కింద రాసినవి కమలాకర్ చదివి వినిపించాడు. ముసలాయన బాగా నటించాడని ఒకరు. ఇద్దరూ ఒకే కంపెనీ అని ఇంకొకరు. టేపు కూడా ఏఐ అని మరొకరు.

"కాకా, తప్పయిందంటే ఎవడు జూస్తడు? లైట్ తీస్కో," అన్నాడు కమలాకర్.

"వాళ్లు జూడకుంటే పాయె," అన్నారు ధర్మయ్య గారు. "జూడవలసినోళ్లు గా ఇండ్లల్ల ఉన్నరు గద. ఆడికే పోత." నా వైపు తిరిగారు. "నువ్వు సుత రావాలె జీవమ్మా. మొగోడు ఒక్కడు పోయి నిలవడితే గ్రిల్లు తీయరు."

ఆదివారం నేను చర్చి నుంచి తిన్నగా బల్కంపేట వెళ్లాను, ధర్మయ్య గారు చీరలు తిరిగివ్వడానికి సంచితో వచ్చారు. గుడి వెనక సందులో రెండు గదుల ఇల్లు. శ్యాంసుందర్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి మెడకు వేలాడదీసి. వీడియోలో అంత లావుగా కనబడ్డ మనిషి ఎదుట చూస్తే పుల్లలా ఉన్నాడు. ధర్మయ్య గారు గడప దగ్గరే నిలబడి చేతులు జోడించారు.

"తమ్మీ, గా మాటన్నది నేనే. చేనేతోళ్ల ఇంట్ల పుట్టి గా మాటన్న."

శ్యాంసుందర్ కోప్పడతాడేమోనని నేను సిద్ధంగా ఉన్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. "నువ్వేం జేస్తవన్నా, నీకు గట్ల కనవడ్డది," అన్నాడు. "బతికిన. చీరలు సుత తడవలే. ఇంకేం గావాలె?" అని కూతుర్ని టీ పెట్టమన్నాడు. టీ తాగాం. ధర్మయ్య గారు తన తండ్రి గురించి చెప్పారు, శ్యాంసుందర్ తన తండ్రి గురించి చెప్పాడు, ఇద్దరి ఊళ్లకూ మధ్య పది కిలోమీటర్లేనని తేలింది. అరగంట కూర్చుని, ముగ్గురం ఆటో ఎక్కాం. పంజాగుట్ట మలుపు దగ్గర శ్యాంసుందర్ కళ్లు మూసుకున్నాడు. నేను చూశాను గానీ ఏమీ అనలేదు.

శ్రీనగర్ కాలనీలో మొదటి ఇంట్లో ఒక పెద్దాయన తలుపు తీసి, వీడియో ఏమిటో తనకు తెలియదనీ, తన భార్య వరంగల్ వెళ్లిందనీ, శ్యాంసుందర్ రావడం మానేశాడని ఆవిడ రోజూ సణుగుతోందనీ చెప్పాడు. రెండో ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు. ధర్మయ్య గారు చెప్పబోతుంటే ఒకావిడ గుర్తుపట్టి, "ప్యాడ్ల తాత," అని పిల్లల్ని కేకేసింది. ఆయన తల వంచుకుని, చెప్పాల్సింది చివరిదాకా చెప్పారు. పిల్లలు సెల్ఫీ అడిగారు. "వద్దు బిడ్డా, గది తప్పు వీడియో," అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు, మిఠాయి డబ్బాలు కలిపి లెక్కేసినా.

మూడో ఇల్లు, గ్రిల్లు తీయని ఇల్లు. ఆవిడ పేరు ఉదయలక్ష్మి. బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ పెళ్లి చీరలు ఆవిడ మనవరాలి కోసమే చెప్పినవి. శ్యాంసుందర్ మెట్ల దగ్గరే ఆగిపోయాడు, పైకి రాలేదు. నేను బెల్లు కొట్టాను. ఆవిడ చెక్క తలుపు తీశారు, గ్రిల్లు వేసే ఉంది.

"ఎవరండీ?"

ధర్మయ్య గారు ముందుకొచ్చారు. "అమ్మా, శ్యాంసుందర్ డ్రామా జేసిండని వీడియోల జెప్పింది నేనే. దర్జీని. గాయన నడుముకు ఉన్నది ప్యాడ్ గాదు, మీ చీరలు. వానకు తడవద్దని ఒంటికి జుట్టుకున్నడు. పడ్డంక సుత గవే జూసుకున్నడు. నాకు తెల్వక గాదు, మా నాయిన సుత గట్లనే జుట్టుకునేటోడు, గది మరిచి తప్పు జెప్పిన. మీరు నన్ను ఏమన్న అనుండ్రి. గాయనను అనకుండ్రి."

ఆవిడ ఆయన్ని చూశారు, నన్ను చూశారు. మా వెనక మెట్ల మీద నిలబడ్డ శ్యాంసుందర్‌ని, అతని మెడకు వేలాడుతున్న కట్టును చూశారు.

"ఎక్కడ తగిలిందయ్యా దెబ్బ?" అన్నారు.

శ్యాంసుందర్ ఎడమ చేత్తో భుజం చూపించాడు. తర్వాత పక్కటెముకలు చూపించాడు. "ఎముక ఇరిగిందమ్మా. ఈడ సుత రెండు," అన్నాడు.

"పడుకోగలుగుతున్నావా?"

"కుడి దిక్కు వండలేనమ్మా. దగ్గు వస్తే పానం పోతది." అని, అంతసేపూ నిబ్బరంగా ఉన్న మనిషి మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాడు.

ఆవిడ గ్రిల్లు తీశారు.

ఆ పంతొమ్మిది సెకన్లను ఎన్ని లక్షలమంది చూశారో నాకు తెలియదు. చేతి వేళ్లు లెక్కపెట్టారు. చొక్కా ఊగిందా లేదా చూశారు, చెప్పు ఎందుకు ఊడిందో చర్చించారు. నిజమేనని వాదించినదాన్ని నేను. వాదనలో గెలిచాను కూడా. పొద్దున బల్కంపేటలో అరగంట ఆ మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగాను, క్షమాపణల గురించీ ఊళ్ల గురించీ విన్నాను, అడగాల్సిన ఒక్క మాట అడగలేదు. నిజమని నేను నమ్మింది వీడియోనే, మనిషిని కాదు. అందుకు నాకు ఆ మెట్ల మీద చాలా సిగ్గేసింది.

ఉదయలక్ష్మి గారు లోపలికి తీసుకెళ్లి, శ్యాంసుందర్‌కి వీపు వెనక దిండు పెట్టించి కూర్చోబెట్టారు. మంచినీళ్లు ఇచ్చారు, తర్వాత కాఫీ ఇచ్చారు. చీరల సంగతి ఆ రోజు ఎత్తలేదు, వచ్చే వారం మంజుశ్రీతో పంపమని మాత్రం అన్నారు. శ్యాంసుందర్ కళ్లు తుడుచుకుని, కాఫీ సగం తాగి, ఆసుపత్రిలో డాక్టరు చీరల చుట్టు విప్పలేక పడ్డ తిప్పలు చెప్పి నవ్వబోయి, పక్కటెముకలు నొప్పి పుట్టి ఆగాడు. మేమంతా కూడా నవ్వు ఆపుకున్నాం.

ధర్మయ్య గారు అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని, కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా ఉన్నారు. ఇప్పుడు కప్పు పక్కన పెట్టి, కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నారు.

"మస్తు నొచ్చిందా తమ్మీ, పడ్డప్పుడు?" అని అడిగారు.

"నొచ్చిందన్నా," అన్నాడు శ్యాంసుందర్.